ఏ తోలు మీద ముద్ర నిలుస్తుంది?

గుర్రంకొండవాడు తోలు మీద మొదటిసారి బొమ్మ దించాలంటే ఏం దించుతాడు? గుర్రాన్నే. నేనూ అదే చేశాను. పట్నంలో ఒక దుకాణంవాడు బెల్టు తోలని చెప్పి అంటగట్టిన ముక్క తెచ్చుకుని, తడిపి, ఆదివారం పొద్దంతా అచ్చులు పెట్టి కొట్టాను. సాయంత్రానికి కాళ్లు, జూలు, తోక అన్నీ తేలాయి. మర్నాడు పొద్దున చూస్తే తోక లేదు. మధ్యాహ్నానికి కాళ్లూ లేవు. మా గుర్రంకొండ కోట మీద ఒక కథ చెబుతారు. కోటకు ఒక గుర్రం కాపలా ఉండేదట. అది ఉన్నన్నాళ్లూ కోట ఎవరికీ లొంగదట. చివరికి ఒక మరాఠా నాయకుడు నిట్టనిలువు బండ ఎక్కి దాన్ని ఎత్తుకుపోయాడట. నా గుర్రాన్ని ఎవరు ఎత్తుకుపోయారో తెలియక, ముక్కను చెప్పులు కుట్టే ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన దాన్ని రెండు వేళ్లతో మడిచి, అంచు గీరి చూసి, తిరిగి నా చేతిలో పెట్టాడు.

"ఇది క్రోము తోలు నాయనా. కొట్టేటప్పుడు పండుకుంటాది, నువ్వు అట్ల పోతానే లేస్తాది. తంగేడు తోలు తెచ్చుకో."

తోలుపని సరదాగా మొదలుపెట్టేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్నకు జవాబు ఆ మాటలోనే ఉంది. అయితే అది ఎందుకు లేస్తుంది? తంగేడు తోలు ఎందుకు లేవదు?

చర్మం అంటే కొల్లాజెన్ అనే మాంసకృత్తు పీచుల అల్లిక. పచ్చి చర్మాన్ని అలాగే వదిలేస్తే కుళ్లుతుంది, ఎండబెడితే పీచులు ఒకదానికొకటి అంటుకుపోయి రేకులా బిగుస్తుంది. తోలు ఊనడం అంటే ఆ పీచుల సందుల్లోకి మరో పదార్థాన్ని పంపి, అవి కుళ్లకుండా, అతుక్కోకుండా చేయడం. ఏ పదార్థాన్ని పంపామన్న దాన్ని బట్టి తోలు గుణం మారుతుంది. తంగేడు చెక్కలో ఉండేది వగరు, అంటే టానిన్. కరక్కాయ నమిలితే నాలుక బిగదీసుకుపోతుందే, అక్కడ జరిగేదీ ఇదే. వగరు ఎంగిలిలోని మాంసకృత్తులను పట్టేసుకుంటుంది. తోలులో ఈ పెద్ద పెద్ద అణువులు పీచుల మధ్య దండిగా చేరి, మూటలో గింజల్లా సందులన్నీ నింపేస్తాయి. అందుకే ఆ తోలు చేతికి నిండుగా తగులుతుంది. తడిపినప్పుడు పీచులు జారతాయి. అచ్చు పెట్టి కొడితే ఆ చోట నలిగి దగ్గరవుతాయి. ఆరేటప్పుడు ఎక్కడివక్కడ మళ్లీ పట్టుకుంటాయి. ముద్ర నిలిచిపోతుంది.

క్రోమియం లవణం దారి వేరు. అది కొద్దిగానే చేరుతుంది, కానీ పీచుకూ పీచుకూ మధ్య గట్టి ముడులు వేస్తుంది. సందులు ఖాళీగానే ఉంటాయి కాబట్టి తోలు మెత్తగా, స్పాంజిలా ఉంటుంది, నొక్కినా తిరిగి లేస్తుంది. జాకెట్లకు, మెత్తటి సంచులకు అదే మేలు. తంగేడుకు వారాలు పట్టే పని క్రోముతో ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో వచ్చిన ఈ పద్ధతి ఇప్పుడు లోకంలో ఎక్కువ తోళ్లను ఊనుతోంది. మరిగే నీళ్లనూ క్రోము తోలు తట్టుకుంటుంది. తంగేడు తోలును ఆ నీళ్లలో ముంచారా, ముడుచుకుపోయి కొబ్బరిచిప్ప అవుతుంది. చెబితే వినేవాళ్లుంటారని రాస్తున్నాను, నేను విననందుకు ఒక ముక్క పోయింది.

మరి కొనేటప్పుడు గుర్తుపట్టేదెలా? అంచు కోసి చూడండి. తంగేడు తోలు లోపలిదాకా గోధుమరంగే. క్రోము తోలుకు పైన ఏ రంగు వేసినా కోతలో తరచుగా నీలి బూడిదరంగు కనబడుతుంది. ఒక నీటి చుక్క వేస్తే తంగేడు తోలు తాగేసి ఆ చోట నల్లబడుతుంది, క్రోము తోలు మీద చుక్క చాలాసేపు అలాగే నిలబడుతుంది. పైన మెరుగు పూసిన తోలైతే ఈ రెండో పరీక్ష మోసం చేస్తుంది. మొదటిదాన్నే నమ్మండి.

మనవైపు తంగేడు తోలు కావాలంటే కుప్పం దాటి తమిళనాడులోకి దిగాలి. తంగేడు చెక్కతో ఊని, కరక్కాయతో ముగించే ఆ పద్ధతికి ఈస్ట్ ఇండియా తోలు అని పేరు, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇప్పుడు తంగేడు బదులు ఎక్కువగా వాటిల్ చెట్టు చెక్క వాడుతున్నారు. వగరు వగరే, మన పనికి తేడా రాదు. కుప్పం వైపు నుంచి పారే పాలారే కిందికి పోయి వాణియంబాడి, ఆంబూరు తోళ్ల కార్ఖానాల పక్కగా సాగుతుంది. ఆ ఏటికి జరిగిన చెరుపు మీదే సుప్రీంకోర్టు 1996లో పెద్ద తీర్పు చెప్పింది. చెట్టు చెక్కతో ఊనారు కదా, దీంతో ఏ కాలుష్యమూ ఉండదని అమ్మేవాళ్లు చెబితే నమ్మవద్దు. ఏ తోలు ఊనినా వాడిన నీళ్లు ఎక్కడో ఒకచోటికి పోవాల్సిందే.

ఒకప్పుడు ఇంత దూరం పోయే పని ఉండేది కాదు. మాదిగవాడల్లో తోలు ఊనే తొట్లు, లందలుండేవి. చచ్చిన గొడ్డు తోలును సున్నపు నీళ్లలో వేసి వెంట్రుక తీసి, తంగేడు చెక్క నీళ్లతో ఆ లందల్లోనే ఊనేవాళ్లు. బావి నుంచి నీళ్లు తోడే కపిలకు తోలు తొండం కుట్టిందీ, ఎద్దులకు పట్టెడలు చేసిందీ, డప్పు మూసిందీ వాళ్లే. కూలిగా కళ్లంలో గింజలు కొలిచేవాళ్లు. ఇంత రసాయనం చేతుల్లో పెట్టుకున్నవాళ్లను ఆ పని పేరు చెప్పే ఊరి అవతల ఉంచారు. ఇప్పుడు నేను ఆదివారం పూట అదే పని చేస్తే చూసినవాళ్లు 'భలే చేయి' అంటారు. ఈ మెప్పు తీసుకునేటప్పుడు నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

ఇక తడి సంగతి. కొత్తవాళ్ల పని చెడేది ఎక్కువగా ఇక్కడే. తోలు తడిగా ఉండాలని అందరూ చెబుతారు, ఎంత తడిగా ఉండాలో చెప్పరు. స్పాంజితో రెండు వైపులా తడిపి పక్కన పెట్టండి. ముదురు రంగుకు తిరుగుతుంది. వెంటనే కొట్టవద్దు. నీళ్లు లోపలికి దిగి, పైభాగం దాదాపు పాత రంగుకు వచ్చేదాకా ఆగండి. అప్పుడు చెంపకు ఆనిస్తే చల్లగా తగలాలి. అదీ అదను. దుక్కికి ఎంత పదును కావాలో రైతుకు ఎవరూ లెక్క కట్టి చెప్పరు, ఇదీ అంతే. తడి ఎక్కువైతే ముద్ర బురదలో కాలు పెట్టినట్టు పడి పూడుకుపోతుంది. తక్కువైతే కత్తి ఈడుస్తుంది, ముద్ర పైపైనే ఉండిపోతుంది. సరిగ్గా ఉన్నప్పుడు అచ్చు పడిన చోట తోలు తనంతట తానే ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. మన ఎండాకాలంలో ఆ అదను నిమిషాల్లో జారిపోతుంది. పొద్దున్నే కూర్చోండి, పని చేయని భాగం మీద ప్లాస్టిక్ కవరు కప్పండి.

బొమ్మ గీతలను ముందు తిరుగుడు కత్తితో కోయాలి. లోతు తోలు మందంలో మూడో వంతుకు అటూ ఇటూ చాలు. తర్వాత ఏటవాలు ముఖం ఉన్న అచ్చును గీతకు ఒక పక్కనే ఆనించి, కొంచెం కొంచెం జరుపుతూ కొట్టాలి. ఒక పక్క అణిగితే రెండో పక్క లేచినట్టు కనబడుతుంది. గుర్రాన్ని ఎవరూ పైకి లేపరు, చుట్టూ ఉన్న నేలను దించుతారు. కొట్టడానికి చెక్క గూటం వాడండి. ఇనుప సుత్తి అచ్చు తలను చితక్కొడుతుంది.

కింద బండ ఎందుకు? బల్ల మీద పెట్టి కొడితే దెబ్బలో కొంత బల్ల తాగేస్తుంది. బరువైన రాయి కదలదు, దెబ్బంతా తోలుకే పడుతుంది. ఎక్కడెక్కడి వాళ్లో ఇందుకోసం గ్రానైట్ పలక వెతికి కొంటారు. కుప్పం గ్రానైట్ ఉన్న మనకు వంటగది బండలు కోసే చోట మిగిలిన ముక్క చాలు.

నిమ్మలకుంట తోలుబొమ్మల మీద మాత్రం ఇలా అచ్చులు కొట్టరు. అవి ఊనిన తోలు కావు. మేక చర్మాన్ని శుభ్రం చేసి, సాగదీసి ఆరబెడతారు. పీచులు దగ్గరగా అంటుకుపోతాయి కాబట్టి వెలుతురు చెదిరిపోకుండా దాటి వస్తుంది. అక్కడ పనంతా ఉలితో చిల్లులు పొడవడం. రాముడి హారం తెర మీద మెరిసేది ఆ చిల్లుల వల్లే. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు అక్కడ దీపాల గొడుగులు కూడా చేస్తున్నారు.

కుట్టు మిషను మీద వేయవచ్చా? వేయవచ్చు. కానీ మిషను కుట్టులో పై దారం, కింది దారం మధ్యలో మెలిపడతాయి. ఒకటి తెగితే కుట్టు వరసగా వదులవుతుంది. జీనుకుట్టుకు ఒకే దారం, రెండు కొసలకు రెండు సూదులు. ప్రతి చిల్లులోనూ రెండూ ఎదురెదురుగా దాటుతాయి. ఒక పక్క తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది. రౌతు ప్రాణం జీను మీద ఆధారపడిన కాలంలో పుట్టిన కుట్టు అది. దారం పొడవు కుట్టే దారికి నాలుగింతలు తీసుకోండి, తేనె మైనం పట్టించండి. చెప్పులు కుట్టేవాళ్లు ఇలా కాదు, కొక్కెం ఉన్న ఆరెతో దారాన్ని కింది నుంచి లాగుతారు. కచ్ ప్రాంతపు మోచీలు ఆ కొక్కేన్నే సన్నగా చేసి పట్టు మీద పువ్వులు కుట్టారు. ఈ రోజు మదనపల్లె పెళ్లిళ్లలో మెరిసే మగ్గం వర్కు జాకెట్ల ఆరి సూది ఆ వంశానిదే.

మొదటి పనిగా పర్సు జోలికి పోవద్దు. 3 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల పైచిలుకు మందం ఉన్న పట్టీ తీసుకుని, రింగులో దూర్చి మడిచి కుట్టండి. తాళాల గుత్తి అయిపోతుంది. అంచులు తడిపి నున్నటి చెక్కతో గట్టిగా రుద్దితే పీచులు అణిగి మెరుపు వస్తుంది.

నా రెండో గుర్రం అలాంటి పట్టీ మీదే ఉంది, మూడేళ్లయినా తోక కూడా చెరగలేదు. పొట్ట మీద మాత్రం ఒక నల్లమచ్చ పడింది. వాన రోజు తడిసిన పట్టీకి ఇనుప తాళంచెవి రాత్రంతా ఆనుకుని ఉండిపోయింది. ఇనుమూ వగరూ తడిలో కలిస్తే నలుపు పుడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో నానబెట్టి తీసిన ద్రవంతో గీసే నల్లగీత ఇదే. వాళ్లది ఉతికినా పోదు. నా గుర్రం మచ్చా పోలేదు.