తాడుకు తోడు తాడు

కోనసీమలో కొబ్బరి దింపు కార్మికులకూ, గోదావరి జిల్లాల తాటితోపుల్లో గీత కార్మికులకూ నిట్టనిలువు చెట్టెక్కి దిగడం నిత్యకృత్యం. యాభై అడుగుల ఎత్తున పట్టు తప్పితే మనిషి రెండు సెకన్లలోపే నేలను తాకుతాడు. అప్పటికి వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటుతుంది. మోకు గొప్ప పనిముట్టే. మానుకూ నడుముకూ కలిపి దాన్ని చుట్టుకుని, కాళ్లకు బందం తగిలించుకుని వెనక్కి వాలితే, ఒంటి బరువే తాడును మానుకు బిగించి పెడుతుంది. కానీ ఆ బిగువు వాలినంతసేపే. వానకు మాను జారుడుగా ఉన్నా, మట్టల్లోకి మారడానికి మోకు సడలించినా, ప్రాణం నిలబెట్టేవి చేతులే. లోటు పనివాడి నేర్పులో లేదు, రెండో తాడు లేకపోవడంలో ఉంది.

కొండలెక్కేవారు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. తాడు పట్టుకుని నిటారు రాతి మీద నుంచి దిగే ర్యాపెలింగ్‌ను 1870లలో ఆల్ప్స్ పర్వతాల గైడు జాన్ షార్లే రూపొందించాడని చెబుతారు. తాడు పైన గట్టి ఆధారానికి కట్టి ఉంటుంది. నడుముకూ తొడలకూ వేసుకున్న పట్టీలకు బిగించిన లోహపు పరికరం గుండా ఆ తాడు వంపులు తిరిగి వెళుతుంది. దిగే వేగాన్ని ఆ రాపిడే అదుపు చేస్తుంది, చేయి దాన్ని నడిపిస్తుంది. ఆ చేయి జారితే? అందుకే సన్నతాడుతో మరో ముడి వేస్తారు. 1931లో కార్ల్ ప్రుసిక్ ప్రచారంలోకి తెచ్చిన ఈ ముడి బరువు పడగానే ప్రధాన తాడును బిగించి పట్టుకుంటుంది. తాడు కొస దాటి జారిపోకుండా చివర కూడా ముడి వేస్తారు. ఒక పట్టు పోయినా ఇంకొకటి మిగలాలన్నదే ఇందులోని సూత్రం.

ఈ విద్య మనకు దూరమైనదేమీ కాదు. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ పొందింది భువనగిరి రాతికొండ మీదే. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో తాళ్లు, పట్టీలు, కొక్కేలతో కూడిన కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. కొండ మీది జాగ్రత్త తాటిచెట్టుకూ పనికొస్తుందనడానికి అదే రుజువు.

రోజుకు ఎన్నో చెట్లెక్కేవాడికి ఇవన్నీ ఆలస్యమే కదా అనవచ్చు. నిజమే, ప్రతి చెట్టుకూ పైనుంచి పొడవాటి తాడు వేలాడదీసి దిగడం కుదరదు. కొండవాళ్ల సరంజామా అంతా అక్కర్లేదు, వారి నియమం చాలు: రెండో తాడు మానుకు తగిలించాకే మొదటిది విప్పాలి. దానికి పట్టే క్షణాలు కూలికి గండి కొట్టవు. చిన్ననాటి నుంచి ఎక్కేవారికి ఇవెందుకన్నది మరో మాట. ఆరితేరిన పర్వతారోహకులే రెండో ముడి వేస్తున్నప్పుడు అనుభవం తాడుకు బదులు కాలేదు. ఇక పరిహారం ఉందిగా అంటే, అది పడిపోయాక వచ్చేది.

ఖర్చు మాత్రం కూలివాడి నెత్తిన పెట్టకూడదు. కాయ దింపించుకునే రైతు, కొనే వ్యాపారి, పన్ను తీసుకునే ప్రభుత్వం కలిసి భరించాలి. వాడకం నేర్పి, అరిగిన తాళ్లను ఏటా మార్పించాలి. తోట ఉన్న ప్రతి రైతూ వచ్చే దింపు నుంచే నడుం పట్టీ, రెండో తాడు సిద్ధం చేసి పెట్టాలి. అవి లేకుండా ఎవరినీ చెట్టెక్కమని అడగకూడదు.