2 గంటల ఫ్లైటే... 8 గంటలు చేతిలో ఉంచుకోండి!

ఢిల్లీలో ఇంటర్వ్యూ. మధ్యాహ్నం 2 గంటలకు హాజరు కావాలి. యాప్‌లో చూస్తే హైదరాబాద్‌ నుంచి ఫ్లైట్‌ 2 గంటల 20 నిమిషాలే. ‘పదింటికి ఎక్కినా సరిపోతుందిలే’ అనుకుంటున్నారా? ఆగండి! టికెట్‌ మీద ఉండే సమయం వేరు, మీ ఇంటి నుంచి ఇంటర్వ్యూ గది దాకా పట్టే సమయం వేరు.

ఎందుకంత సమయం?

శంషాబాద్‌ నుంచి ఢిల్లీ విమానాశ్రయానికి నేరుగా కొలిస్తే సుమారు 1,260 కిలోమీటర్లు. రైలు దారిలో దాదాపు 1,670. జెట్‌ విమానం గంటకు 800 కిలోమీటర్ల పైనే వెళ్తుంది కదా, గంటన్నర చాలదా అనిపిస్తుంది. కానీ టికెట్‌లో చూపేది విమానం ఇక్కడి గేటు నుంచి కదిలి, అక్కడి గేటు దగ్గర ఆగేదాకా పట్టే సమయం. రన్‌వే దాకా వెళ్లడం, పైకెక్కడం, కిందికి దిగడం, రద్దీ ఉంటే వంతు కోసం ఆగడం... అన్నీ అందులోనే.

వెనక నుంచి లెక్కేయండి

* ఇంటర్వ్యూ 2 గంటలకు. కేంద్రానికి ఒంటిగంటకల్లా చేరాలి.
* విమానం దిగాక బ్యాగు, మెట్రో, ఆటోకి 2 గంటలు. అంటే 11కి దిగాలి.
* 11కి దిగాలంటే 8.40కి బయల్దేరే ఫ్లైట్‌ పట్టాలి.
* 2 గంటల ముందు, అంటే 6.40కి శంషాబాద్‌లో ఉండాలి. చెకిన్‌ కౌంటర్లు సాధారణంగా 60 నిమిషాల ముందు, బోర్డింగ్‌ గేటు 25 నిమిషాల ముందు మూసేస్తారు.
* కూకట్‌పల్లి నుంచైతే మరో గంటన్నర. ఇంట్లో 5.10కే బయల్దేరాలి.

మొత్తం కలిపితే దాదాపు 8 గంటలు!

ఇవీ చూసుకోండి

పొగమంచు: డిసెంబరు, జనవరిల్లో ఢిల్లీలో ఉదయం విమానాలు గంటల తరబడి ఆలస్యమవుతుంటాయి. అప్పుడు ముందురోజే వెళ్లడం మేలు. ఒక రాత్రి గది అద్దెకు వెనకాడితే, నెలల కష్టం పోవచ్చు.

టెర్మినల్‌: ఢిల్లీలో టెర్మినల్‌ 1, టెర్మినల్‌ 3 పక్కపక్కనే ఉండవు. టి3 నుంచి ఎయిర్‌పోర్ట్‌ ఎక్స్‌ప్రెస్‌ మెట్రోలో న్యూఢిల్లీ స్టేషన్‌కు 20 నిమిషాలు చాలు. టి1లో దిగితే మెజెంటా లైన్‌ ఎక్కాలి. తిరుగు ప్రయాణంలోనూ టెర్మినల్‌ సరిచూసుకోండి.

రెండు టికెట్లు: విజయవాడ నుంచి హైదరాబాద్‌ మీదుగా వెళ్తుంటే ఒకే పీఎన్‌ఆర్‌తో బుక్‌ చేసుకోండి. విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు ఆ నష్టం సాధారణంగా మీదే.

స్థానిక సమయం: టికెట్‌లో దిగే టైమ్‌ ఎప్పుడూ ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. దుబాయ్‌ మనకంటే గంటన్నర వెనక. ఉదయం 10కి ఎక్కి అక్కడ 12.30కి దిగితే ప్రయాణం రెండున్నర గంటలు కాదు, 4 గంటలు.

ఇకపై ఫ్లైట్‌ బుక్‌ చేసేముందు ‘ఎప్పుడు ఎక్కాలి?’ అని కాదు, ‘అక్కడ ఎన్నింటికి ఉండాలి?’ అన్న దగ్గర మొదలుపెట్టండి. టికెట్‌ ధర ఆ తర్వాతే చూడండి.