మీకు తెలుసా? పిడిపై పొడిచిన వేఁడిచుక్కలు

2007లో భౌగోళిక గుర్తింపు బడసిన కరీంనగరపు వెండి తీగపనిలో, సాల్డరు పొడియు వెలిగారమును సెగచేఁ గరగి తీగను తీగతో నతుకునుగాని, తీగమాత్రము కరగదు. క్రీడార్థము నిర్మింపఁబడిన ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలు పిడిమీఁద సాల్డరింగ్ ఐరన్‌తోఁ జుక్కలు పొడుచు విద్య దీనికి విపర్యయము: ఇచట అతుకుపెట్టు పనిముట్టే వస్తువును గరగించును.

ఇట్టి పిడులు పెక్కింటికి వాడు ఏబీఎస్ ప్లాస్టిక్ సుమారు 105 డిగ్రీల సెల్సియస్ వద్దనే మెత్తఁబడ నారంభించును. ఐరన్ మొనయో 200 డిగ్రీలను సులభముగా దాఁటును. కావున మొనను నిట్టనిలువుగా నానించి, రెప్పపాటులో నెత్తివేయవలెను. అప్పుడు నడుమ చిన్నగుంటయు, దానిచుట్టు పైకుబికి గట్టిపడిన ప్లాస్టిక్ గట్టును నేర్పడును. చెమటపట్టిన అరచేతికిఁ బట్టునిచ్చునది ముఖ్యముగా నా గట్టే. క్షణ మాలసించినచో పలుచని గోడ లోపలికి వంగి, మ్యాగజైన్ దూరు దారి యిఱుకగును. అందుచే, ముందు పనికిరాని ప్లాస్టిక్ ముక్కపైఁ జేయి కుదుర్చుకొని, పిమ్మట పిడిపై టేపుతో నెల్లలు నిర్ణయించుకొనుట యుక్తము. చుక్కకుఁ జుక్కకు నడుమ నెడము చెదరనీయని యోర్పే యిందలి నిజమైన నైపుణ్యమని మా యభిప్రాయము.

కరగు ఏబీఎస్ నుండి స్టైరీన్ మొదలగు హానికర వాయువులు వెలువడును గనుక, తలుపులు మూసిన గదిలో నీ పనికిఁ బూనుకొనకుఁడు. గుళ్లను, బ్యాటరీ యున్నచో దానిని ముందే తీసివేసి, గాలి ధారాళముగా వీచు వసారాలోఁ గూర్చుండి చేయుఁడు.