పాత కంప్యూటర్‌కి ఏది బరువు?

పాతబడ్డ కంప్యూటర్ నెమ్మదించిందని అంటాం గానీ, అందులోని ప్రాసెసర్ కొన్న రోజున సెకనుకు ఎన్ని లెక్కలు చేసేదో ఇవాళా అన్నే చేస్తుంది. (దుమ్ము పట్టి, వేడెక్కి, వేగం తగ్గించుకునే యంత్రాల సంగతి వేరు. వాటికి ముందు బ్రష్షు, కొత్త థర్మల్ పేస్టు కావాలి.) పెరిగింది మనం దానిమీద మోపే పని. అక్కడిదాకా అందరూ ఒప్పుకుంటారు. ఆ బరువు ఎక్కడుందనేసరికి లెక్క తప్పుతుంది. విండోస్ తీసేసి తేలికైన లినక్స్ వేస్తే యంత్రం మళ్లీ పరుగెత్తుతుందన్న సలహాలో సగమే నిజం. ఆ సగం ఏదో, మిగతా సగం ఏదో తేల్చడానికి పప్పీ లినక్స్ కథ బాగా పనికొస్తుంది.

ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ కౌలర్ 2003లో దీన్ని విడుదల చేశాడు. పేరు ఆయన పెంచుకున్న చివావా జాతి కుక్కది. లినక్స్ పంపిణీలు ఏటికేడు ఎక్కువ మెమరీ అడగడం ఆయనకు నచ్చలేదు. ఉన్న పెద్ద వ్యవస్థను కత్తిరించకుండా, కంప్యూటర్ లేవడానికి సరిపోయే కనీస ఫైళ్లతో మొదలుపెట్టి, అవసరమైనవి ఒక్కొక్కటే చేర్చుకుంటూ పోయాడు. తొలినాళ్లలో మొత్తం వ్యవస్థ వంద మెగాబైట్ల లోపే ఉండేది. అయితే పప్పీ గొప్పదనం ఆ చిన్న సైజులో లేదు. వ్యవస్థనంతా కుదించి ఒకే ఫైలులో పెట్టి, కంప్యూటర్ లేవగానే ఆ ఫైలును ర్యామ్‌లోకి ఎత్తేసుకుంటుంది. ఆపైన సీడీని బయటికి తీసినా పని ఆగదు. మనం చేసిన మార్పులు వేరే ఫైలులో ఉంటాయి. మొదటిసారి షట్‌డౌన్ చేసేటప్పుడు దాచమంటారా వద్దా అని అడుగుతుంది, వద్దంటే అన్నీ మరిచిపోతుంది. దీనివల్ల లాభమెంతో చిన్న లెక్కతో తేలుతుంది. నిమిషానికి 5400 చుట్లు తిరిగే ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్ ఒక చుట్టు పూర్తిచేయడానికి 11 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున సగం చుట్టు, ముల్లు జరగడానికి ఇంకో పది మిల్లీసెకన్లు. చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లయితే సెకనుకు అరవై డెబ్బైకి మించి అందవు. ర్యామ్ అంతకన్నా లక్ష రెట్లకు పైగా ముందే జవాబిస్తుంది. అంటే పాత యంత్రాన్ని కుంటివాణ్ణి చేసింది చాలావరకు డిస్క్. కౌలర్ డిస్క్‌ను పక్కకు తప్పించాడు.

ఇవాళ అదే పని చవకైన ఎస్‌ఎస్‌డీ చేసిపెడుతుంది. అందుకే ఏ లినక్స్ వేయాలన్న చర్చకన్నా ముందు డిస్క్ మార్చడం, కుదిరితే ర్యామ్ నాలుగు గిగాబైట్లకు పెంచడం తెలివైన పని. ఆ తర్వాత కూడా ఒక బరువు మిగులుతుంది, అది బ్రౌజర్. డ్యామ్ స్మాల్ లినక్స్ అనే మరో బుల్లి వ్యవస్థ 2000 దశకంలో విజిటింగ్ కార్డంత సీడీలో, 50 మెగాబైట్లలో ఇమిడేది. 2024లో తిరిగొచ్చినప్పుడు పెట్టుకున్న హద్దు 700 మెగాబైట్లు. నేటి వెబ్‌ను చూపించగల బ్రౌజరంటూ ఉండాలిగా! యాంటిఎక్స్ వంటి తేలికైన లినక్స్ ఖాళీగా ఉన్నప్పుడు రెండు మూడు వందల మెగాబైట్లతో సరిపెట్టుకుంటుంది. విండోస్ 10తో పోలిస్తే ఇది పెద్ద పొదుపే. నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే ఆ పొదుపు ఆవిరైపోతుంది. అయినా రెండు గిగాబైట్ల యంత్రంలో ఆ మిగులే పేజీ తెరుచుకుంటుందా, స్తంభిస్తుందా అన్నది తేలుస్తుంది. ఎనిమిది గిగాబైట్లున్న యంత్రంలో దానికోసం సౌకర్యాలు వదులుకోవడం అనవసర త్యాగం. అక్కడ లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటిది హాయిగా నడుస్తుంది.

అతి చిన్నదాన్ని ఎంచుకుంటే పోయేవాటిలో మన లిపి కూడా ఉండొచ్చు. సైజు తగ్గించేటప్పుడు ఫాంట్లు ముందే ఎగిరిపోతాయి, తెలుగు పేజీలో అక్షరాల బదులు గళ్లు కనిపిస్తాయి. డెబియన్ అనే లినక్స్ ఆధారంగా తయారైనవాటిలో లోహిత్ తెలుగు ఫాంటు ప్యాకేజీ వేస్తే ఆ గొడవ తీరుతుంది. వెనకాల పెద్ద ప్యాకేజీల భండారం ఉన్న వ్యవస్థనే ఎంచుకోమనడానికి ఇదొక కారణం. అసలు కారణం భద్రతా సవరణలు.

అలవాటైన ఎక్స్‌పీనో విండోస్ 7నో అలాగే నడుపుకుంటే పోలేదా? ఇంటర్నెట్ తీగ తగలనంతవరకు పోతుంది. టైపింగుకో, పాత ప్రింటరుకో వాడే యంత్రాన్ని కదిలించకపోవడమే మేలు. నెట్‌కు కలిపితే మాత్రం 2014 ఏప్రిల్ నుంచి ఎక్స్‌పీకి, 2020 జనవరి నుంచి విండోస్ 7కి సాధారణ భద్రతా సవరణలు ఆగిపోయాయని గుర్తుంచుకోవాలి. విండోస్ 10 వంతు 2025 అక్టోబరు 14న వచ్చింది. దాని తర్వాతి విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు అడగడంతో, బాగా పనిచేస్తున్న లక్షల యంత్రాలు వాకిట్లోనే ఆగిపోయాయి. పప్పీ కూడా విమర్శకు అతీతం కాదు. వాడేవాణ్ణి నేరుగా రూట్ అధికారంతో, అంటే దేన్నైనా మార్చగల సర్వాధికారంతో, కూర్చోబెడుతుంది. అసలు ఫైలు చెక్కుచెదరదు కాబట్టి ముప్పు లేదని దాని అభిమానులు వాదిస్తారు. చెడిన వ్యవస్థను మళ్లీ లేపడానికి ఆ జవాబు చాలు, బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టడానికి చాలదు. పాత డిస్క్‌లోంచి ఫొటోలు రక్షించడానికి పప్పీని, రోజువారీ పనికి డెబియన్ వంశపువాటిని వాడమంటాను.

కరెంటు సంగతీ తోసిపుచ్చలేం. ప్రెస్కాట్ రకం పెంటియమ్ 4 ప్రాసెసర్ ఒక్కటే గరిష్ఠ పనిలో 115 వాట్ల దాకా వేడి కక్కుతుంది. నేటి ఎన్100 చిప్పుకు ఆరు వాట్ల హద్దుతో అంతకన్నా ఎక్కువ పని జరుగుతుంది. పెంటియమ్ 4 డెస్క్‌టాప్‌ను బతికించడం పొదుపు కాదు. 2008 తర్వాతి కోర్ 2 డ్యుయో ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు 35 వాట్ల లోపువి, పైగా 64 బిట్లవి. కొత్త ల్యాప్‌టాప్ జీవితకాలంలో పర్యావరణానికి చేసే హానిలో ఎక్కువ వంతు తయారీలోనే జరిగిపోతుంది గనక వీటిని నిలబెట్టడం లాభమే. 32 బిట్లతో ఆగిపోయిన ఆటమ్ ఎన్270 నెట్‌బుక్‌లే అటూఇటూ కానివి. లినక్స్‌లో 32 బిట్లను క్రోమ్ 2016లోనే వదిలేసింది, ఫైర్‌ఫాక్స్ 2025లో 145వ విడుదలతో వదిలేసింది. ఆ ఏడాదే వచ్చిన డెబియన్ 13లో వాటికి ఇన్‌స్టాలర్ లేదు. వాటిని నెట్‌కు దూరంగా రాతపనికో పాటలకో పెట్టుకోవచ్చు. లేదంటే ర్యామ్, డిస్క్ ఊడదీసి, మిగతాది ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేయొచ్చు.