తాయ్ చీ, చీగాంగ్.. చేతుల తీరులో తేడా ఇదీ!

బాలాపూర్: తెల్లవారగానే నడకకు, యోగాసనాలకు, ప్రాణాయామానికి బయలుదేరే వారు బాలాపూర్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల్లో ఎందరో ఉన్నారు. మోకాళ్ల నొప్పులతో నేలపై కూర్చోలేక ఆసనాలకు దూరమైన పెద్దవారికి నిలబడి చేసే చైనా సాధనలైన తాయ్ చీ, చీగాంగ్ అనువుగా ఉంటాయి. చూపునకు రెండూ ఒకేలా కనిపించినా చేతులు ఉంచే పద్ధతిలో, దాని ఉద్దేశంలో తేడా ఉంది.

పేరులోనే తికమక
తెలుగు రాతలో రెండింటా 'చీ' ఉన్నా అర్థాలు వేరు. చీగాంగ్‌లోని 'చీ' అంటే శ్వాస, ప్రాణశక్తి. తాయ్ చీలోని 'చీ'కి తుది హద్దు అని అర్థం. దాని పూర్తి పేరు తాయ్ చీ చువాన్. చువాన్ అంటే పిడికిలి. 17వ శతాబ్దంలో హెనాన్ రాష్ట్రంలోని చెన్ వంశీయుల గ్రామంలో రూపుదిద్దుకున్న యుద్ధవిద్య ఇది. 2016లో యోగాను చేర్చిన సాంస్కృతిక వారసత్వ జాబితాలోనే 2020లో యునెస్కో దీన్నీ చేర్చింది.

తాయ్ చీలో చేయి
ఇందులో ప్రతి హస్తస్థితికీ ఎదురుదాడి లేదా ఆత్మరక్షణ అనే అర్థం ఉంటుంది. యాంగ్ శైలిలోని 'ఒంటి కొరడా' భంగిమలో ఒక చేతి ఐదు వేళ్ల కొనలను కలిపి మణికట్టును కొక్కెంలా కిందికి వంచుతారు. రెండో అరచేయి ముందుకు నెడుతుంది. భుజాలు దించి, మోచేతులు జార్చి, వేళ్లను బిగించకుండా ఉంచాలి. బలం పాదంలో పుట్టి, నడుము నడిపించగా, వేళ్లలో వ్యక్తమవుతుందన్నది గురువుల బోధ. నడుము కదలకుండా చేయి మాత్రమే ఆడితే అది తాయ్ చీ కాదు.

చీగాంగ్‌లో చేయి
ఇక్కడ ప్రత్యర్థి ఉండడు. శ్వాసను, మనసును ఒకచోట నిలపడమే చేతుల పని. చెట్టును కౌగిలించుకున్నట్లు చేతులు గుండ్రంగా ఉంచి, అరచేతులు ఛాతీ వైపు తిప్పి కదలకుండా నిలబడటం ఒక సాధన. 'ఎనిమిది పట్టు ముక్కలు' అనే వరుసలో మొదటిది వేళ్లు పెనవేసి అరచేతులను ఆకాశం వైపు ఎత్తడం. చివర బొడ్డు కింద చేతులు ఉంచి శ్వాసను గమనిస్తారు.

శక్తి ప్రవాహం మాటేమిటి?
మన యోగశాస్త్రం నాడుల్లో ప్రాణం సంచరిస్తుందన్నట్లే, చైనా సంప్రదాయం దేహమార్గాల్లో 'చీ' ప్రవహిస్తుందంటుంది. దాన్ని కొలిచే పరికరం ఏదీ లేదు. సాధనలో అరచేతులు వెచ్చబడటానికి కండరాలు సడలి రక్తప్రసరణ పెరగడం కారణం కావచ్చు. అయితే ప్రయోజనం మాత్రం పరీక్షకు నిలిచింది. అమెరికాలోని ఓరెగాన్‌లో 195 మంది పార్కిన్సన్స్ రోగులపై జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. వారానికి రెండుసార్లు చొప్పున 24 వారాలు తాయ్ చీ చేసిన వారిలో నిలకడ మెరుగైంది. కేవలం ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసిన వారితో పోలిస్తే కింద పడటం తగ్గింది. జారిపడి తుంటి ఎముక విరిగితే మంచానికే పరిమితమయ్యే వయసులో ఇది చిన్న మేలు కాదు.

జాగ్రత్తలు
* బరువును ఒక కాలి నుంచి మరో కాలికి నెమ్మదిగా మార్చాలి. తొలినాళ్లలో గోడ లేదా కుర్చీ పక్కన నిలబడాలి.
* మోకాలు పాదం వేళ్లను దాటి ముందుకు వంగకూడదు. నొప్పి ఉంటే తక్కువగా వంచాలి.
* శ్వాసను బిగబట్టరాదు. కళ్లు తిరిగితే వెంటనే కూర్చోవాలి.
* శక్తి ప్రవాహంతో రోగాలు పోతాయన్న మాటలు నమ్మి రక్తపోటు, మధుమేహం మాత్రలు మానరాదు. వైద్యుని సలహాతోనే సాధన మొదలుపెట్టడం శ్రేయస్కరం.