టవర్ పడుకుంటే ఆకాశమే దిక్కు

వాన గట్టిగ కొడితే మా బెల్లంపల్లిల కరెంటు పోతది, దానెనకే నా ఫోన్ల సిగ్నల్ పోతది. 2022 జులైల గోదావరి భద్రాచలం కాడ 71 అడుగులు దాటింది. అసొంటి వరదల టవర్లు పడుకుంటే ఎట్ల?

టవర్, డ్రోన్, శాటిలైట్ మూడూ ఒక్కటే నెట్‌వర్క్ లెక్క పనిచెయ్యాలె. 550 కిలోమీటర్ల ఎత్తుల తిరిగే శాటిలైట్ మన నెత్తిమీద కొన్ని నిమిషాలే ఉంటది. డ్రోన్ బ్యాటరీ ఊకె దిగుతది. ఏ ఫోన్‌ను ఎప్పుడు దేనికి మార్చాల్నో మనిషి లెక్కగట్టేలోపు లైన్ కట్టయితది. ఏఐ ముందుగాలనే అంచనా ఏసి మారుస్తది.

కానీ 108కు చేసే కాల్ ముందా, రీల్ ముందా? అది మిషిన్‌కు దానంతటదే తెల్వది. ఆ రూల్ మనుషులే రాయాలె. రాసేకాడ మనూరోళ్లు గూడ ఉండాలె.