దడ తగ్గింది కదా, మాత్రెందుకే?

తలగడ గలీబు మారుస్తుంటే నాలుగు మాత్రలు రాలాయి. అమ్మ రెండు రోజులుగా వేసుకోవడం లేదన్నమాట! నిలదీస్తే, "దడ తగ్గింది కదా, ఇంకా ఈ మాత్రెందుకే?" అంది.

అమ్మకి అరవై ఎనిమిదేళ్లు. బీపీ ఉంది. దడ వచ్చినప్పుడల్లా గ్యాసనుకుని సోడా తాగేది. ఓసారి మణికట్టు పట్టుకు చూశాను. నాడికి ఓ వరసంటూ లేదు. ఈసీజీ తీస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని తేలింది. అంటే గుండె పైగదులు సరిగా ముడుచుకోకుండా ఊరికే వణుకుతాయి. ఎడమ పైగదికి చిన్న సంచిలాంటిది ఉంటుంది. అందులో రక్తం నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకి చేరిందంటే పక్షవాతమే. ఈ జబ్బున్న వాళ్లకి ఆ ముప్పు దాదాపు 5 రెట్లు ఎక్కువ.

మందులకి దడ లొంగకపోయేసరికి అబ్లేషన్ చేయించమన్నారు. "గుండె కోస్తారా?" అని అమ్మ హడలిపోయింది. కోత లేదు. గజ్జల దగ్గర సిరలోంచి సన్నని గొట్టం గుండెదాకా పంపుతారు. ఈ వణుకు రేపే తప్పుడు కరెంటు ఎక్కువగా ఊపిరితిత్తుల నుంచి రక్తం తెచ్చే సిరల్లో పుడుతుందని 1998లో ఫ్రాన్సులోని బోర్డో డాక్టర్లు చూపించారు. ఆ సిరలు గుండెలో కలిసేచోట చుట్టూ కాల్చి మచ్చ వేస్తారు. మచ్చ దాటి కరెంటు రాదు.

మర్నాడే ఇంటికొచ్చేశాం. రెండోవారంలో మళ్లీ దడ! మొదటి మూడు నెలల్లో అలా రావచ్చని చెప్పారు కానీ, ఆ రాత్రి నాకు నిద్రెక్కడిది?

మాత్రల సంగతి చెప్పగానే డాక్టరు గారు అమ్మని కూర్చోబెట్టారు. "అది దడ తగ్గించే మాత్ర కాదమ్మా, రక్తం గడ్డకట్టకుండా చూసేది. రెండు రోజులు మానితే దాని పని పోయినట్టే" అన్నారు. అబ్లేషన్ తర్వాత కనీసం మూడు నెలలు అందరూ వాడాల్సిందేనట. ఆ తర్వాత మానాలా వద్దా అన్నది వయసు, బీపీ, షుగరు, ఇదివరకు పక్షవాతం వచ్చిందా అన్నవి చూసి డాక్టరే చెప్పాలి. మనకి తెలియకుండానే గుండె లయ తప్పుతూ ఉండొచ్చు మరి. అమ్మకైతే కొనసాగించమన్నారు.

వాల్వు సన్నబడి ఈ జబ్బొచ్చిన మా పక్కింటి పిన్నిగారిది వేరే మందు, వార్ఫరిన్. తరచూ రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆకుకూరలు ఒకవారం అస్సలు మానేసి, ఇంకోవారం రోజూ తింటే కుదరదు. అమ్మ మాత్రకి ఆ బాధ లేదు, గోంగూర నిక్షేపంగా తింటోంది.

ఇప్పుడా మాత్రల డబ్బా కాఫీపొడి సీసా పక్కన పెట్టాను. మోకాళ్ల నొప్పులకని షాపులో అడిగి తెచ్చుకునే గోళీలు మాత్రం పారేశాను. ఈ మాత్రతో పాటు అవీ వేసుకుంటే కడుపులో రక్తస్రావం కావచ్చట. అందుకు అమ్మ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.